మా అత్తగారికి మిగిలిన చూపు

మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. మాది నరసాపురం దగ్గర పల్లె. ఈ చుట్టుపక్కల ఆ వయసు ఆడవాళ్ళలో చాలామందిలాగే ఆవిడ కూడా పరికిణీ కట్టే వయసులోనే లేసు సూది పట్టారు. ఏజెంటు దారం ఉండలు ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు, అల్లిన ముక్కలు లెక్క చూసుకుని పట్టుకెళ్ళేవాడు. అరుగు మీద కూర్చుని, వీధిలో వచ్చేపోయేవారితో మాట్లాడుతూ, చేతుల వంక చూడకుండానే పువ్వులు, తీగలు అల్లేసేవారు. ఆవిడ చూపు తగ్గుతున్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకపోవడానికి ఆ పనితనం ఒక పెద్ద కారణం. వేళ్ళకు అంత జ్ఞాపకం ఉన్నవారు కళ్ళ లోటును చాలాకాలం కప్పిపుచ్చగలరు.

పెద్దవాళ్ళు తమకు కనపడటం లేదని నోరు విప్పి చెప్పరు. ఒక్కొక్క పనే మానేస్తారు. మానినందుకు వేరే కారణం చెబుతారు. అత్తయ్య కొత్త డిజైన్లు తీసుకోవడం మానేసి వేళ్ళు నొప్పులన్నారు. మనవడికి చేప ముళ్ళు తీసి తినిపించడం మానేసి, వాడు పెద్దవాడయ్యాడు, తనే తినాలి అన్నారు. సాయంత్రం పూట గుడికి వెళ్ళడం మానేసి నేరం మోకాళ్ళ మీద వేశారు. బియ్యంలో రాళ్ళు ఏరడం నాకు వదిలేశారు. విడివిడిగా చూస్తే ప్రతి కారణమూ నమ్మేలాగే ఉంది. అన్నీ కలిపి చూసినప్పుడే అసలు సంగతి అర్థమవుతుంది. అందుకే ఇంట్లో పెద్దవాళ్ళున్న ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే: వాళ్ళు ఏం చెబుతున్నారో వినడంతో పాటు, ఈ మధ్య ఏయే పనులు మానేశారో గమనించండి.

మా ఇంట్లో సంగతి బయటపడింది మా ఆడపడుచు వచ్చిన రోజున. ఆవిడ పాలకొల్లు నుంచి చెప్పకుండా వచ్చి, గుమ్మంలో నిలబడి, అమ్మను ఆశ్చర్యపరుద్దామని మాట్లాడకుండా నవ్వుతోంది. అత్తయ్య తల ఎత్తి చూసి, "ఎవరమ్మా? లోపలికి రండి, కూర్చోండి," అన్నారు. సొంత కూతురిని మీరు అని పిలిచారు. "అమ్మా!" అన్న గొంతు వినగానే సర్దుకుని, ఎండ కళ్ళలో పడిందని అన్నారు. అప్పటికి మబ్బు పట్టి ఉంది.

ఆ రాత్రి ఆవిడను గోడ మీది క్యాలెండరు ముందు నిలబెట్టి, అరచేత్తో ఒక కన్ను మూసుకుని చూడమన్నాను, తర్వాత రెండోది. ఈ చిన్న పరీక్ష ఏ ఇంట్లోనైనా చేసుకోవచ్చు. రెండు కళ్ళూ తెరిచి ఉంటే మెరుగైన కన్ను రెండోదాని లోటును పూడ్చేస్తుంది, మనిషికే తెలియనివ్వదు. ఎడమ కంటితో మసకగానైనా పెద్ద అంకెలు చదివారు. కుడి కంటితో చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "చుట్టూ ఉన్న గళ్ళు తెలుస్తున్నాయమ్మాయ్. నేను ఏ అంకె చూస్తే ఆ అంకె ఉండటం లేదు," అన్నారు. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేసి లోపల లెన్సు పెట్టి కొన్నేళ్ళయింది. ఆ కన్ను బాగున్నట్టేనని ఊళ్ళో అందరి లెక్క.

విన్నవాళ్ళంతా శుక్లమే అన్నారు. మా ప్రాంతంలో ఆ మాట రావడం సహజం. కంటి శిబిరాలు, ఊళ్ళకు వచ్చి ముసలివాళ్ళను ఎక్కించుకుని వెళ్ళి ఆపరేషన్ చేయించి దింపే బస్సులు చాలా ఏళ్ళుగా చూస్తున్నాం. 2019 అక్టోబరులో మా రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన కంటి వెలుగు పరీక్షల పథకంలో కూడా బడిపిల్లల తర్వాత అరవై దాటినవారినే పిలిచారు. శుక్లం ఆపరేషన్ వల్ల ఎంతమందికి చూపు వచ్చిందో లెక్కలేదు, ఆ మేలు తక్కువది కాదు. కానీ దానివల్లే, చూపు తగ్గితే శుక్లమే అన్న నమ్మకం కూడా పాతుకుపోయింది. ఇంకొకరు పొన్నగంటికూర పెట్టమన్నారు. పెట్టాను, అది మంచి ఆకుకూర. పరీక్షకు బదులుగా మాత్రం పెట్టలేదు.

మొదట వెళ్ళిన చోట టార్చిలైటు వేసి చూసి, వయసు వల్ల అంతే అని అద్దాలు మార్చి రాసిచ్చారు. నాకు ఆ మాట రుచించలేదు. నలభై దాటాక వచ్చే చత్వారం వయసుతో వచ్చేదే, అద్దాలతో సరిపోతుంది. ఒక కంటిలో మధ్యభాగం మాయమైతే దానికి వయసు అని పేరు పెట్టి పంపేయడం కుదరదు. కంటిపాప పెద్దది చేసి వెనుక ఉండే రెటీనా అనే పొరను చూడకుండా పెద్దవాళ్ళ కంటి పరీక్ష పూర్తయినట్టు కాదు. ఇది గట్టిగా అడిగి చేయించుకోవలసిన విషయం.

భీమవరంలో రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ముందు ఆరు మీటర్ల దూరంలో అక్షరాల పట్టీ. తర్వాత సన్నని చిల్లులున్న నల్లటి రేకు కంటికి అడ్డం పెట్టి మళ్ళీ చదివించారు. ఆ చిల్లు గుండా చూసినప్పుడు చూపు మెరుగైతే లోపం అద్దాలతో సరిచేయదగ్గదని అర్థమట. ఎడమ కంటికి 6/36 రాశారు. అంటే మామూలు చూపున్నవారు ముప్ఫై ఆరు మీటర్ల నుంచి చదివే అక్షరం ఈవిడకు ఆరు మీటర్లకు వస్తేగాని తెలియదు. కుడి కంటికి పట్టీలోని పెద్ద అక్షరం కూడా తెలియలేదు, వేళ్ళు మాత్రం లెక్కపెట్టగలిగారు. ఆ తర్వాత చుక్కల మందు వేసి అరగంట పైగా కూర్చోబెట్టారు.

ఆ హాల్లో కూర్చున్నప్పుడు తెలిసింది, చూపు తగ్గడం అందరికీ ఒకేలా ఉండదని. మా పక్కన కూర్చున్న ఒక రైతుకు ఎదురుగా ఉన్నదంతా బాగానే కనిపిస్తుందట, పక్కలే తెలియవట. కాలువ గట్టు మీద సైకిలు తొక్కుతూ, పక్క నుంచి వచ్చిన గేదె కనపడక పడిపోయాడు. ఆయనది నీటికాసులు. కంటిలోని ఒత్తిడి చూపు నరాన్ని దెబ్బతీస్తుంది, నొప్పి లేకుండానే అంచుల నుంచి చూపు తినేస్తుంది. ఒత్తిడి మామూలుగా ఉన్నవారికి కూడా ఈ జబ్బు రావచ్చు. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలుపుకోవడానికి చుక్కల మందు రోజూ వేసుకోవాలి, తోబుట్టువులు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఎదురుగా కూర్చున్నామెకు షుగరు. చూపులో తేడా ఏమీ తెలియకుండానే రెటీనాలో రక్తనాళాలు కారుతున్నాయని పరీక్షలో బయటపడిందట. షుగరు ఉన్నవారు కనపడుతున్నా సరే ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలని అంటారు, అందుకే. ఇంకొకాయనకు కోతల్లో వరి ఆకు గీసుకుంటే కంటిలో పసరు పిండించుకున్నారు. పుండు ముదిరి కంటిలో పువ్వు వేసింది. దయచేసి కంటిలో పసర్లు, చనుబాలు వేయకండి.

స్కానింగు అయ్యాక డాక్టరమ్మ అత్తయ్య చెయ్యి పట్టుకుని చెప్పారు: "మామ్మగారూ, ఎడమ కంటిలో శుక్లం ఉంది, అది తీసేద్దాం. కానీ రెండు కళ్ళలోనూ వెనుక మాక్యులా పాడైంది. కుడి కంటిలో అది మచ్చ కట్టేసింది."

మాక్యులా అంటే రెటీనా నడిమధ్య ఉండే చిన్న భాగం. చదవడం, ముఖాలు పోల్చుకోవడం, సూదిలో దారం ఎక్కించడం, అన్నీ దానితోనే. వయసుతో అది క్షీణించే జబ్బు రెండు రకాలు. పొడి రకం నెమ్మదిగా నడుస్తుంది. తడి రకంలో రెటీనా కింద పిచ్చి రక్తనాళాలు మొలిచి, కారి, కొద్ది వారాల్లోనే మధ్యచూపును పాడుచేస్తాయి. కుడి కంటిలో జరిగింది అదే. నొప్పి లేదు, ఎరుపు లేదు, రెండో కన్ను పని నడిపిస్తోంది, ఎలా తెలుస్తుంది? ఈ జబ్బులో పూర్తిగా చీకటైపోవడం ఉండదని, అంచుల చూపు నిలిచే ఉంటుందని డాక్టరమ్మ చెప్పారు. ఆ ఒక్క మాటే అత్తయ్యకు ధైర్యాన్నిచ్చింది. ఆవిడ భయమంతా, చివరికి తడుముకుంటూ బతకాల్సి వస్తుందని.

ఎడమ కంటి శుక్లం ఆపరేషన్ సులువుగా జరిగిపోయింది. వెలుతురు, రంగులు మెరుగయ్యాయి. అక్షరాలు అంతగా కాలేదు, ఎందుకు కాలేదో ముందే చెప్పారు కాబట్టి ఎవరినీ అనుమానించలేదు.

ఇంటికి పంపేటప్పుడు గళ్ళ కాగితం ఒకటి ఇచ్చారు. ఆమ్స్లర్ గ్రిడ్ అంటారు. తెల్ల కాగితం మీద నల్లటి గళ్ళు, మధ్యలో చుక్క. రోజూ పొద్దున అద్దాలు పెట్టుకుని, ఒక్కో కంటితో ఆ చుక్కనే చూడాలి. గీతలు వంకర తిరిగినా, ఎక్కడైనా చెరిగినట్టు ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కాఫీ గ్లాసు ఇచ్చే ముందు నేను అడిగేదాన్ని. వర్షాకాలంలో ఒకనాడు అత్తయ్య కాగితం మీద వేలు పెట్టి, "ఇక్కడ గీత మెలి తిరిగింది చూడు," అన్నారు. మర్నాటికే భీమవరంలో ఉన్నాం. ఎడమ కంటిలోని పొడి రకం తడిగా మారడం మొదలైంది.

కంటిలో ఇంజక్షన్ అంటే మా ఆయన ముఖం పాలిపోయింది. నిజానికి అది భయపడినంత కాదు. మత్తు చుక్కలు వేస్తారు, కన్ను శుభ్రం చేస్తారు, నల్లగుడ్డుకు పక్కగా తెల్లగుడ్డులోంచి సన్నని సూది. ఒక ఒత్తిడి, అంతే అన్నారు అత్తయ్య. ఆ రోజంతా కన్ను గరగరలాడింది, ఒక ఎర్రటి మచ్చ కొన్నాళ్ళుండి తగ్గింది. తర్వాత నొప్పి పెరిగినా, చూపు తగ్గినా వెంటనే రమ్మన్నారు, ఎందుకంటే లోపల చీము పట్టే ప్రమాదం తక్కువే అయినా ఉంది. మొదట నెలకొకటి, తర్వాత కన్ను ఎలా ఉందో చూసి ఎడం పెంచారు. ఈ మందుల్లో ఖరీదైనవి ఉన్నాయి, బెవాసిజుమాబ్ అనే చవకైనది కూడా ఉంది. అది మొదట క్యాన్సర్ కోసం వచ్చిన మందు, కళ్ళకు కూడా బాగా పనిచేస్తుంది. ఖర్చు విని వెనక్కి వచ్చేయకుండా, ఏయే మందులున్నాయో అడగండి. ఎడమ కన్ను నిలబడింది. ఆలస్యం చేసి ఉంటే కుడి కంటి దారే పట్టేది.

ఇంతవరకూ వైద్యం. దీని తర్వాత ఏం చేయాలో మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. మందులు ఇచ్చేచోట, ఇంక చేయగలిగింది లేదు అంటారు. కంటికి చేయగలిగింది లేకపోవచ్చు, ఆ కంటితో బతుకుతున్న మనిషికి చేయగలిగింది ఎంతో ఉంది. విజయవాడ దగ్గర తాడిగడపలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో మిగిలిన చూపును వాడుకోవడం నేర్పే విభాగం ఉందని తెలిసి రైలెక్కాం.

అక్కడ అత్తయ్యకు పక్కచూపుతో చూడటం నేర్పారు. ఎదుటి ముఖం మధ్యలోకి చూస్తే ముఖం మాయమవుతుంది. కొంచెం పైకి, నుదురు దాటి చూస్తే ముఖం కింది అంచులో తేలుతుంది. ప్రతివారికీ ఏ వైపు బాగుంటుందో వెతికి పట్టుకోవాలి. ఇంటికొచ్చాక నా ఎదురుగా కూర్చుని గడ్డం ఎత్తి, నా తల మీదుగా దూలం వైపు చూస్తూ, "బొట్టు పక్కకి జరిగింది, సరిచేసుకో," అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఇప్పుడు కొత్తవాళ్ళు, ఈవిడ మనవైపు చూడకుండా మాట్లాడుతుందేమిటి అనుకుంటారు. వాళ్ళకు నేను చెబుతాను, మిమ్మల్నే చూస్తున్నారని.

లైటు ఉన్న భూతద్దం ఇచ్చారు, కాగితం మీద నిలబెట్టి జరుపుకుంటూ చదివేది. నల్ల అట్టముక్కలో ఒక వరుస పట్టేంత చీలిక చేసి ఇచ్చారు. దాన్ని పేజీ మీద పెడితే ఆ ఒక్క వరుసే కనిపిస్తుంది, మెరుపు తగ్గుతుంది. పైసా ఖర్చు లేని ఆ అట్టముక్కతో ఆవిడ మళ్ళీ పంచాంగం చూసుకుంటున్నారు.

ఇంట్లో మార్పులు చాలావరకు మేమే చేసుకున్నాం. అరవై ఏళ్ళ కంటికి ఇరవై ఏళ్ళ కంటికంటే దాదాపు మూడు రెట్లు వెలుతురు కావాలంటారు. గది మధ్యలో ట్యూబులైటు వేస్తే ఆవిడ నీడ ఆవిడ చేతుల మీదే పడుతోంది. అందుకని ఎడమ భుజం పక్క నుంచి పడేలా వంచుకునే దీపం పెట్టాం. ఎండలోంచి లోపలికి వచ్చినప్పుడు ఆ కళ్ళు సర్దుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది, గుమ్మం పట్టుకుని కాసేపు ఆగి అడుగు వేయడం అలవాటు చేశాం. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడప ఆవిడకు ఎప్పుడూ సమస్య కాలేదు. బూడిదరంగు సిమెంటు మెట్లే సమస్య. ప్రతి మెట్టు అంచుకూ పసుపు రంగు పట్టీ వేయించాం. దొడ్లో నడిచే దారిలో కొబ్బరి మట్టలు పడి ఉండకుండా పొద్దునే తీయించడం ఇంట్లో అందరి పని.

స్టీలు కంచంలో తెల్లటి అన్నం, పెరుగు ఆవిడకు కనిపించవు. అన్నం అయిపోయిందనుకుని చెయ్యి కడిగేసుకునేవారు, కంచంలో సగం మిగిలే ఉండేది. తిండి తగ్గిందని బెంగపడ్డాం. అరిటాకు వేసి చూశాను. ఆకుపచ్చ మీద మెతుకు మెతుకూ తెలిసింది, పూర్తిగా తిన్నారు. అరిటాకులకు కరువు లేని చోట ఉన్నాం కాబట్టి రోజూ అదే. గ్యాసు పొయ్యి మీట ఆపేచోట, టీవీ రిమోటు మీట మీద మఖమలు బొట్టుబిళ్ళలు అంటించాను, వేలికి తగులుతాయి. బీపీ మాత్రల డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, థైరాయిడు మాత్రలకు రెండు. అన్నిటికంటే ముఖ్యం, ఏ వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడే ఉండాలి. నా పిల్లలకు ఇది నేర్పడమే కష్టమైంది.

డబ్బు విషయంలో ఆవిడకు పట్టుదల. కూరగాయల బండివాడికి తన చేత్తోనే ఇవ్వాలి. వంద, రెండు వందలు, ఐదు వందల నోట్ల వెడల్పు ఒకటే, పొడవు మాత్రం 142, 146, 150 మిల్లీమీటర్లు. నాలుగు మిల్లీమీటర్ల తేడాను లేసు అల్లిన వేళ్ళు ఇట్టే పట్టేశాయి. పక్కల ఉబ్బెత్తు గీతలున్నాయి, కొత్త నోటు మీదైతే అవీ తెలుస్తాయి. నోటు చూపిస్తే విలువ పలికే మణి అనే యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో తెచ్చింది, మనవడు ఫోనులో పెట్టాడు. ఆవిడ మాత్రం వేళ్ళనే నమ్ముతారు.

ఇక ఎవరూ మాట్లాడని సంగతి ఒకటి చెప్పాలి. ఒక సాయంత్రం ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మాయ్, కొబ్బరిచెట్ల కింద ఆ పిల్లలు ఎవరమ్మా?"

"అక్కడ ఎవరూ లేరు అత్తయ్యా."

"నాకూ తెలుసు లేరని. కానీ కనిపిస్తున్నారు."

ఎర్ర పరికిణీల ఆడపిల్లలు. మాట్లాడరు, అడుగుల చప్పుడు ఉండదు, వస్తారు, పోతారు. మా ముఖాలు తెలియని ఆవిడకు ఆ పరికిణీ అంచుల జరీ గళ్ళు కూడా తేటగా కనిపిస్తాయట. అప్పుడప్పుడు గోడ నిండా లేసు అల్లిక పరుచుకుంటుంది. చాలాకాలంగా ఉందట. మతి పోయిందనుకుంటారని ఎవరికీ చెప్పలేదు. పక్కింటావిడ చెవిన పడగానే గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించమన్నారు.

డాక్టరమ్మ రెండు ప్రశ్నలు అడిగారు: వాళ్ళ మాటలు వినిపిస్తాయా, అవి నిజం కాదని మీకు తెలుస్తోందా? వినపడవు, తెలుస్తోంది అన్నారు అత్తయ్య. దీనికి షార్ల్ బోనే సిండ్రోమ్ అని పేరు. జెనీవాకు చెందిన బోనే అనే శాస్త్రజ్ఞుడు, శుక్లాలతో చూపు తగ్గిన తన తాతకు లేని మనుషులు, పక్షులు, భవనాలు కనిపించడం గురించి 1760లో రాశాడు. కళ్ళ నుంచి రావలసిన సమాచారం తగ్గిపోతే మెదడు తనంతట తానే బొమ్మలు అల్లుకుంటుంది. ఇది పిచ్చి కాదు, మతిమరుపు జబ్బుకు మొదలు కాదు. చాలామందికి కొంతకాలానికి తగ్గుతుంది. బొమ్మ కనిపించగానే కళ్ళు కుడికీ ఎడమకూ వేగంగా తిప్పడం, లైటు వేయడం, లేచి నాలుగడుగులు నడవడం లాంటివి చేస్తే చెదిరిపోవచ్చు. గొంతులు కూడా వినిపిస్తున్నా, అవి నిజమేనని నమ్ముతున్నా, మనిషి తికమకపడుతున్నా అది వేరే విషయం, వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఆ రోజు రైల్లో ఆవిడ ముఖంలో చూసిన తేలిక ఏ ఇంజక్షన్ తర్వాతా చూడలేదు. చూపు పోవడంకంటే మతి పోతోందన్న భయమే ఆవిడను ఎక్కువగా తిన్నది. ఇప్పుడు ఆ పిల్లలు వచ్చినప్పుడు మా అందరికీ చెబుతారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ చూపు బాగా తగ్గి ఉంటే మీరే అడగండి, లేనివి ఏమైనా కనిపిస్తున్నాయా అని. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

వైకల్యం ఎంతో చూసి పత్రం ఇచ్చే సదరం శిబిరానికి కూడా తీసుకెళ్ళాం. మెరుగైన కంటి చూపు, అద్దాలు పెట్టాక ఎంతో చూసి శాతం లెక్కకడతారు, నలభై శాతం ఉంటే ధ్రువపత్రం పనికొస్తుంది. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000, దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు. ఆ తేడా మా ఇంజక్షన్ల ఖర్చుకు కొంత ఆసరా. పత్రం తీసుకోవడానికి ఆవిడ మొదట ఒప్పుకోలేదు, గుడ్డిదాన్నని రాయించుకోనన్నారు. మా ఆడపడుచు వచ్చి మెల్లగా నచ్చజెప్పింది.

ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది. అందుకని మా ఆయన, ఆడపడుచు ఇద్దరూ కంటిపాపలు పెద్దవి చేయించుకుని పరీక్ష చేయించుకున్నారు. ఆడపడుచు కళ్ళు బాగున్నాయి. మా ఆయనకు మాక్యులా మీద చిన్న చిన్న పసుపు చుక్కలు మొదలయ్యాయి, ఇప్పటికి చూపుకు ఇబ్బంది లేదు. జబ్బు మధ్యదశకు వస్తే కొన్ని విటమిన్లు, జింకు ఉన్న మాత్రలు ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయని, ఇప్పుడే అవసరం లేదని చెప్పారు. మన చేతిలో ఉన్నవాటిలో ముఖ్యమైనది పొగ మానడం. ఈ జబ్బును పెంచేవాటిలో వయసును మార్చలేం, మనం మార్చుకోగలిగినవాటిలో పెద్దది అదే. ఆయన సిగరెట్లు తగ్గించారు, మానలేదు. తగ్గించడం చాలదని నేను రోజూ అంటూనే ఉన్నాను. ఇప్పుడు అత్తయ్య కూడా నాకు తోడయ్యారు. సిగరెట్ వాసన ఆవిడకు దొడ్డిగుమ్మం దాకా తెలుస్తుంది, అక్కడి నుంచే కేకేస్తారు.